రాగి కెటిల్ కోసం తిన్న పాస్టీలు

ఆ ఏడు మా ఊళ్లో మంచు ఎంత పడిందంటే, చర్చి గంట కొట్టాలంటే పాస్టరుగారు గంట దగ్గరికి మెట్లు దిగి వెళ్లాల్సి వచ్చేది. పోస్టుమాన్ ఉత్తరాలు పొగగొట్టంలోంచి వేసేవాడు. కొన్ని చదవకముందే కాలిపోయేవి. కరెంటు బిల్లులైతే అన్నీ కాలిపోయాయనే చెప్పుకున్నాం.

అలాంటి చలికాలంలో, ఆఖరి ఆదివారం స్కీ పందెం నాడు, సైమా పెద్దమ్మ రాగి కెటిల్ మా ఊరి చెయ్యి జారిపోబోయింది.

ఆ కెటిల్‌ని వాళ్లమ్మ ఫిన్లండ్ నుంచి అమెరికాకి ఓడలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. పెద్దమ్మ దాన్ని ప్రతి ఆదివారం గుట్ట కింద మేం చలికాగే గుడిసెకి తెచ్చి పొయ్యి మీద పెట్టేది. ఆ కాఫీ ఒక్క గుక్క దిగితే గడ్డకట్టిన మీసం కరిగి, దానంతటదే మెలి తిరిగేది. మనుషుల్ని గుట్ట పైకి లాగే తాడు ఇంజను నడిపేది నేనే. ఇంజను మొరాయిస్తే దానికీ రెండు చుక్కలు పోసేవాణ్ణి. ఠక్కున దగ్గి లేచేది.

డెబ్బై దాటిన పెద్దమ్మకి ఒక చెల్లెలుంది, హిల్యా. విస్కాన్సిన్‌లో ఇంకో గుట్ట కింద కాపురం. కెటిల్ ఎవరిదన్న తగువు ఇద్దరికీ పెళ్లిళ్లు కాకముందు నుంచీ ఉంది. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. చలికాలం ఆఖరి వారం ఎవరి గుట్ట మీద వాళ్లు పందెంలో దిగాలి. ఎవరి హ్యాండికాప్ తక్కువొస్తే, ఏడాదంతా కెటిల్ వాళ్ల పొయ్యి మీద ఉంటుంది.

వేరే గుట్ట, వేరే మంచు, ఇద్దరినీ ఎలా పోలుస్తారంటారా? అందుకే గుట్టకో పేస్‌సెటర్ ఉంటాడు, అందరికన్నా ముందు దిగేవాడు. మావాడు ఓర్వో. చలికాలం మొదట్లో అన్ని గుట్టల పేస్‌సెటర్లూ ఒకచోట చేరి, దేశంలోకల్లా వేగంగా జారే ఛాంపియన్ వెనకాల ఒక్కొక్కరే దిగుతారు. వంద అంకెలు లెక్కపెట్టేలోగా ఛాంపియన్ దిగిపోతే మా ఓర్వోకి నూట ఆరు పట్టింది. అంటే ఓర్వో ఆరు వెనక. ఇక ఆ చలికాలమంతా మా గుట్ట మీద ముందు ఓర్వో దిగుతాడు, అతని టైములోంచి ఆ తేడా తీసేస్తారు. మిగిలిందే ఆ ఛాంపియన్ ఇవాళ మా గుట్టకొస్తే పట్టే టైము. దానికన్నా మనం నూటికి ఎంత వెనకబడితే అదే మన హ్యాండికాప్. ఆ మహానుభావుడు మా ఊరి మొహం ఎన్నడూ చూడలేదు, మా కాఫీ తాగలేదు. అయినా ప్రతి ఆదివారం ఊరంతా అతని చేతిలో ఓడిపోయేవాళ్లం.

శనివారం సాయంత్రం హిల్యా ఫోన్ చేసింది.

"అక్కా, ఇవాళ దిగాను. నాది ముప్పై ఒకటి. కెటిల్ బాగా తోమి ఉంచు. మసితో తెచ్చావో, గుమ్మంలోనే నిలబెడతా."

"ముప్పై ఒకటా? మీ పేస్‌సెటర్‌కి జలుబు చేసిందా ఏంటే?"

"జలుబూ లేదు, గిలుబూ లేదు. సత్తువ అక్కా, సత్తువ. అవునూ, నీకు ఈమధ్య ఎంతొస్తోంది?"

పెద్దమ్మ ఫోన్ పెట్టేసింది. ఆమెకి ఎప్పుడూ వచ్చేది ముప్పై మూడు.

పొద్దున్నే గుడిసెలో ఆ మాట చెప్పి, స్కీలకి మైనం రాసుకోవడానికి బయటికెళ్లిందామె. మేమంతా కెటిల్ వంక చూశాం. ఇదే ఆఖరి ఆదివారం కాఫీ అన్నట్టు అదీ మెల్లగా మూలుగుతోంది.

"ఓర్వో కాస్త మెల్లగా దిగితే చాలు," అన్నాన్నేను. "వాడు మెల్లగా దిగితే ఆ ఛాంపియనూ మెల్లగా దిగినట్టే లెక్క. అందరి నంబర్లూ బాగుపడతాయి."

పాస్టీల కొట్టు ఐలీ మూతి తిప్పింది. "ఎవరూ, ఓర్వోనా? చిన్న చేప గాలానికి తగిలితే, 'పొరపాటైంది తల్లీ' అని దణ్ణం పెట్టి వదిలేసే మనిషి వాడు. అడిగి చూడు, నువ్వడిగావన్న సంగతి కూడా మైకులో చెప్పేస్తాడు."

అదీ నిజమే. ఓర్వో నిద్రలో కూడా అబద్ధం ఆడేవాడు కాదు. గురక పెట్టావా అని పెళ్లాం అడిగితే, పెట్టానని పడుకునే ఒప్పుకునేవాడట.

"అడగొద్దు," అంది ఐలీ గొంతు తగ్గించి. "తినిపిద్దాం. పొట్ట నిండినవాడు ఎక్కడ పరిగెడతాడు?"

ఓర్వో స్కీ కర్రలా ఉండేవాడు. పక్కకి తిరిగితే నీడ కూడా పడేది కాదు. పెట్టింది వద్దనడం మాత్రం వాళ్లమ్మ నేర్పలేదు. లోపలికి రాగానే ఐలీ చేతిలో పాస్టీ పెట్టింది. మాంసం, బంగాళాదుంప కూరి కజ్జికాయలా మడిచి కాల్చింది, ఒక్కోటీ ఇటుకంత.

"కొత్తరకం చేశా నాయనా, రుచి చూసి చెప్పు."

"బావుంది ఐలక్కా."

"ఒక్కటి తింటే ఏం తెలుస్తుంది? ఇది కారం ఎక్కువేసింది. ఇదిగో, ఇది ఉల్లిపాయది."

"పందెం ముందు ఇన్ని..."

"గుట్టేమన్నా పారిపోతుందా? తిను."

ఆ తర్వాత ఊరంతా వరస కట్టారు. ఒకరు యాలకుల రొట్టె, ఒకరు బియ్యప్పాయసం, ఒకరు పొగబెట్టిన చేప. ఓర్వో అందరికీ థాంక్స్ చెబుతూ తిన్నాడు. కాసేపటికి బెల్టు బకిల్ తెగి కిటికీలోంచి దూసుకుపోయి, అవతల చెట్టు మీది మంచంతా దులిపేసింది. వాడు తాడు పట్టుకుంటే ఇంజను నాలుక బయటపెట్టింది. నేను ఏకంగా కప్పు కాఫీ పొయ్యాల్సి వచ్చింది.

మేమంతా కట్టెల బండి లాగుతూ పెరిగిన వాళ్లమే. ఖాళీ బండి వాలులో నింపాదిగా జారుతుంది, నిండుబండైతే, లాగే గుర్రాన్ని కూడా దాటుకుని పోతుంది. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. ఆ పొద్దున మాత్రం ఒక్కడికీ గుర్తు రాలేదు.

ఓర్వో పైన కనపడ్డాడు. ఆ తర్వాత కింద కనపడ్డాడు. మధ్యలో ఏం జరిగిందో చూసినవాడు లేడు. వెళ్లిందెవరా అని దారిలో జెండా కర్రలన్నీ వంగి చూశాయి. నీడ మాత్రం కాసేపాగి ఆయాసపడుతూ వచ్చింది.

"నా జన్మలో ఇలా దిగలేదు!" ఓర్వో మొహం వెలిగిపోతోంది. "ఐలక్కా, ఏం కలిపావు అందులో?"

ఐలీ మొహంలో నెత్తురు చుక్క లేదు. పేస్‌సెటర్ ఎన్నిసార్లు దిగినా, మంచి టైమే ఆ రోజుకి నిలుస్తుంది. ఇప్పుడు పాకుతూ దిగినా లాభం లేదు.

పెద్దమ్మ తన వంతు దిగింది. ఎప్పటిలాగే చక్కగా, పూసగుచ్చినట్టు, ఒక్క జెండా తప్పకుండా. ఓర్వో మైకులో నంబరు చదివాడు. "సైమా పెద్దమ్మ, ముప్పై ఆరు."

"అదేంట్రా, బాగానే దిగానే!" పెద్దమ్మ గుడిసెలోకి వచ్చి మా మొహాలు చూసింది. "ఏం చేశారు? ఎవరన్నా చెబుతారా, పొయ్యిలో కర్ర తియ్యమంటారా?"

ఐలీ బావురుమని అంతా కక్కేసింది. ఓర్వో నోరు తెరుచుకుని విన్నాడు. పెద్దమ్మ నడుం మీద చేతులు వేసుకుంది.

"ఏమే ఐలీ, దిగాల్సింది నేను. నేను గెలవాలని వాడికి పెట్టారా? నాకు పెట్టాలని ఇంతమందిలో ఒక్కరికీ తోచలేదా?"

ఐలీ చేత్తో కళ్లు తుడుచుకుంది.

"ఇంకోసారి దిగే వంతు ఉందిగా నాకు. పాస్టీలు మిగిలాయా?"

"నాలుగున్నాయి సైమక్కా."

"ఇలా తే. గ్రేవీ పొయ్యకు. గ్రేవీ మా చెల్లెలు పోసుకుంటుంది. కెచప్ వెయ్యి."

అందరం ఓర్వో వంక చూశాం. వాడు తల గోక్కున్నాడు. "జేబులో రాళ్లు వేసుకుంటే తప్పు. కడుపులో పాస్టీ వేసుకుంటే... అది భోజనమే కదా. తిను పెద్దమ్మా."

పిచ్చుకంత మనిషి ఆమె. నాలుగో పాస్టీ సగంలో ఆగి, కళ్లు మూసుకుని, "హిల్యా" అని పళ్లు కొరికి, మిగతాది కూడా మింగేసింది. కెటిల్ అడుగున ఉన్న కాఫీ అంతా తాగింది. తాడు పట్టుకుని పైకి వెళుతుంటే ఆమె వెనకాల మంచులో బండి చక్రాలు పోయినట్టు చాళ్లు పడ్డాయి.

ఇక దిగింది చూడాలి! కోటు ఉబ్బి, టోపీ వెనక్కి పోయి, తెల్ల జుట్టు తోకచుక్కలా. జెండాలన్నీ దాటింది, ఆఖరి గీత దాటింది, ఆగలేదు. కార్ల మధ్యలోంచి, రోడ్డు మీంచి, గడ్డకట్టిన సరస్సు మీదికి సర్రున పోయి చుక్కైపోయింది. మేమంతా వెనకాల పరుగు. కాసేపటికి చేతిలో పెద్ద చేపతో నింపాదిగా నడిచి వస్తూ కనిపించింది.

"మంచుకి చిల్లుపెట్టి చేపలు పట్టేవాడి గుడిసెలో ఒక తలుపున దూరి రెండో తలుపున బయటపడ్డాను," అంది. "పాపం, వట్టిచేతుల్తో పంపకూడదని ఇచ్చాడు. నా నంబరు ఎంత?"

ఓర్వో మైకు పట్టుకున్నాడు. "ముప్పై!"

మేం పెట్టిన కేకకి చర్చి మీది మంచంతా జారిపోయి గంట దానంతటదే మోగింది. పాస్టరుగారు ఎవరో పోయారనుకుని పుస్తకం పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ఆయనకీ కాఫీ పోశాం.

గుడిసె ఫోన్లోంచే పెద్దమ్మ చెల్లెలికి చెప్పింది. అవతల గొంతు మాకందరికీ వినిపించింది.

"ముప్పయ్యా? నమ్మను! మీ పేస్‌సెటర్ మెల్లగా దిగుంటాడు. ఫోన్ అతనికియ్యి!"

ఓర్వో చేతికి ఫోన్ ఇచ్చామంటే అంతే సంగతులు. పెద్దమ్మ ఇచ్చేసింది, వాడు మొదలుపెట్టాడు. "హిల్యాగారూ, మెల్లగా దించాలనే చూశారు మావాళ్లు..." ఒక్కటీ వదల్లేదు. పాయసం, పొగబెట్టిన చేప, బెల్టు బకిల్, చివరికి ఇంజనుకి నేను పోసిన కాఫీ కూడా.

"అక్క ఎన్ని తింది?"

"నాలుగండీ."

"గ్రేవీతోనా?"

"కెచప్‌తో."

"ఛీ! కెచప్‌తో నాలుగా?" ఉన్నట్టుండి అవతల నవ్వు మొదలైంది. ఆ నవ్వుకి ఇవతల మా ఫోన్ తీగ ఊగింది. "కెచప్‌తో నాలుగు దింపిన మనిషితో నాకేం తగువు! కెటిల్ అక్కదే. వచ్చే ఏడు ఆఖరి వారానికి నాకో డజను పాస్టీలు పంపమను ఆ ఐలీని. గ్రేవీ నేనే కాచుకుంటా. అక్కా, వింటున్నావా? కెటిల్‌ని అప్పుడు తోముదువుగాని!"

"నువ్వొచ్చి తోమవే!" అని పెద్దమ్మ అక్కణ్ణుంచే అరిచి, కెటిల్‌లో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది.

మళ్లీ చలికాలం మొదలయ్యేసరికి ఓర్వో ఎప్పటిలా స్కీ కర్రలాగే ఉన్నాడు. పేస్‌సెటర్లంతా చేరినచోట, లెక్కలు రాసే పెద్దమనిషి అతని పేరు పిలిచాడు. ఓర్వో గీత దగ్గర నిలబడి, వినయంగా చెయ్యెత్తి అడిగాడట.

"అయ్యా, మీకు కావాల్సింది పాస్టీలకి ముందు ఓర్వోనా, తర్వాత ఓర్వోనా?"