పడిందా, నిలబడిందా

పిచ్చుక ఆట మానేస్తోందన్న కబురు నాకు ఒక కోటు మీదుగా వచ్చింది.

నేను డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ చేస్తాను. పొద్దస్తమానం ఆవిరి మిషను ముందు నిలబడే పని. ఆ మధ్యాహ్నం బ్యాంకులో పనిచేసే అమ్మాయి తన కోటు తీసుకోవడానికి వచ్చింది. ఫోను చూసుకుంటూ నిలబడ్డదల్లా ఉన్నట్టుండి ఆ కోటులోనే మొహం దాచుకుని ఏడవడం మొదలుపెట్టింది. దాని కాలరు మీద మరక వదిలించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది, ఇప్పుడు మళ్ళీ కాటుకంతా దానికే. ఒళ్ళు మండింది కానీ, ఎవరన్నా పోయారేమోనని నోరు అదుపులో పెట్టుకున్నాను.

"ఏమైందమ్మా?" అన్నాను.

"పిచ్చుక రిటైరైపోతోంది ఆంటీ. మోకాలు ఇక మాట వినడం లేదని ఇప్పుడే చెప్పింది. ఆదివారం ఆఖరి ప్రదర్శనట."

పిచ్చుక అంటే ఐస్ మీద స్కేటింగ్ చేసే పిల్ల. పిల్ల అంటున్నాను గానీ ఇప్పుడు ముప్పై దాటిన మనిషి. గెంతే ముందు రెండు చేతులూ ఒక్కసారి విదిలిస్తుంది, రెక్కలు దులుపుకున్నట్టు. అందుకని జనమే ఆ పేరు పెట్టారు. ఆట అయ్యాక గుడ్డతో కుట్టిన బుల్లి పిచ్చుకల్ని ఐస్ మీదికి విసురుతారు. ఆ పిల్లంటే ఎక్కడెక్కడి వాళ్ళకో ప్రాణం.

మా యజమాని చొక్కాలకి చీటీలు కడుతూ తలెత్తాడు. "జారుడాట మానేస్తే ఇంత ఏడుపా? నేను రిటైరైతే ఎవరన్నా ఏడుస్తారా?"

"మీరు రిటైరవండి ముందు, అప్పుడు చూద్దాం," అన్నాను.

ఆయన నవ్వాడు, బ్యాంకు అమ్మాయి కూడా ముక్కు తుడుచుకుంటూ నవ్వింది. నేను మాత్రం నవ్వలేదు. నా మోకాలూ ఏనాడో మాట వినడం మానేసింది, దాన్ని నేనెవరికి ప్రకటించాలి? కానీ నా కోపం అది కాదు. పిచ్చుక మానేస్తే మా అక్క ఇక నాకు ఫోన్ చెయ్యదు. అదీ అసలు సంగతి.

మా అక్కకీ నాకూ మాటలు పోయింది అమ్మ పోయిన రోజున. ఆసుపత్రి వరండాలో, నిద్రా తిండీ లేని మొహాలతో, అమ్మని ఎవరు ఎక్కువ చూసుకున్నారన్న దగ్గర మొదలుపెట్టి అనకూడని మాటలన్నీ అనుకున్నాం. ముందు ఎవరు నోరు జారారో ఇప్పటికీ తేలలేదు. నన్నడిగితే తనే. ఆ తర్వాత తన ఊరికి తను వెళ్ళిపోయింది, నా ఊళ్ళో నేనున్నాను.

ఆ చలికాలంలో ఒక సాయంత్రం ఫోన్ మోగింది. ఎలా ఉన్నావని లేదు, ఏం చేస్తున్నావని లేదు. "టీవీలో ఆ పిల్ల వస్తోంది, పెట్టు," అంది అక్క. పెట్టాను. ఏ పిల్ల అని అడగక్కర్లేదు. వార్డులో గోడకున్న టీవీలో ఆ పిల్లని మాకు చూపించింది అమ్మే. అప్పటికింకా ఎవరికీ తెలియని బక్కపిల్ల, గెంతబోయి చతికిలబడింది. "చూడండే, ఎలా లేచిందో," అని అమ్మ పడుకున్నచోటి నుంచే మెచ్చుకుంది. మా ఇద్దరినీ కలిపి అమ్మ అన్న ఆఖరి మాట అదే.

అప్పటి నుంచీ పిచ్చుక ఆడిన ప్రతిసారీ అక్క ఫోన్ చేసేది. నోటితో అనుకోలేదు గానీ మా మధ్య ఒక ఒప్పందం ఉండేది. ఆట తప్ప ఇంకో మాట రాకూడదు. ఒంట్లో ఎలా ఉందని అడగకూడదు. అమ్మ ఊసెత్తకూడదు. అక్కా అని నేను పిలవను, నన్ను పేరు పెట్టి తనూ పిలవదు. అయితే గెంతు వచ్చేసరికి అక్కకి గుండె దడ. "నేను కళ్ళు మూసుకుంటున్నా, నువ్వు చెప్పు," అనేది. పిచ్చుక చేతులు విదిలించి గాల్లోకి లేచేది.

"పడిందా, నిలబడిందా?"

"నిలబడింది."

అప్పుడు ఫోన్లో పెద్ద నిట్టూర్పు వినిపించేది. ఏళ్ళ తరబడి మా అక్కచెల్లెళ్ళ కబుర్లు ఇంతే. నవ్వుకుంటే నవ్వుకోండి, నాకు ఆ నిట్టూర్పు చాలు. షాపు నుంచి వచ్చి, నా ఒంటిగదిలో దీపం వేసుకుని, ఒక కంచం ఒక గ్లాసు కడుక్కుని పడుకునేదాన్ని నేను. నేను చూస్తున్నదాన్ని అదే క్షణంలో ఇంకో మనిషి కూడా చూస్తోందంటే, అది ఎంత ధైర్యమో అలా బతికినవాళ్ళకే తెలుస్తుంది.

ఆ మనిషి చూడటం లేదని పోయిన పోటీలో తెలిసింది.

ఆ రోజు పిచ్చుక గెంతింది, పడింది. మామూలుగా పడటం కాదు. మోకాలు మడతపడి, కూలబడి, లేవలేక అక్కడే ఉండిపోయింది. పాట మాత్రం ఆగకుండా వస్తూనే ఉంది. "పడిందా, నిలబడిందా?" అంటోంది అక్క. నా నోటికి అలవాటైన జవాబు ఒక్కటే. "నిలబడింది," అనేశాను. అని నాలుక కరుచుకున్నాను. కళ్ళు తెరిచి చూసుకుని, ఇదేం మాటే అని నన్ను ఉతికి ఆరేస్తుందనుకున్నాను.

"హమ్మయ్య," అంది అక్క. "ఇప్పుడే కళ్ళు తెరిచా. ఎంత చక్కగా తిరుగుతోందో చూడు."

టీవీలో ఇద్దరు మనుషులు పిచ్చుకని చంకల కింద చేతులేసి బయటికి తీసుకెళ్తున్నారు.

నేనేమంటాను? "అవును," అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి, కూర్చున్నచోటే కూర్చుని, వెనకటివన్నీ తవ్వుకున్నాను. పిచ్చుక వేసుకున్న బట్టల రంగు అక్క ఒక్కనాడూ ముందుగా చెప్పలేదు. నీలం వేసుకుందని నేనంటే, అవును బాగుంది అనేది. మార్కులు చదివేదీ నేనే. వెనకాల గిన్నెలు మోగుతుంటే ఇంట్లో వంట కాబోలు అనుకునేదాన్ని. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే కూర్చుని చూశాను, పక్కన మనిషి ఉందనుకుని కబుర్లు చెబుతూ చూశాను. ఒంటరితనం నాకు కొత్త కాదు. లేదనుకున్న రోజుల్లో కూడా అది ఉందని ఇప్పుడు తెలియడమే నా వల్ల కాలేదు.

ఆ తర్వాత అక్క చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఆట లేనప్పుడు మేం చేసుకోం కదా. ఇప్పుడిక ఆటే లేకుండా పోతోంది.

ఆఖరి ప్రదర్శనని మా ఊరి స్కేటింగ్ రింకులో పెద్ద తెర మీద వేస్తారని బ్యాంకు అమ్మాయే చెప్పింది. వెళ్ళేది లేదనుకున్నాను. శనివారం షాపులో చిరిగిన కోటు లైనింగు ముక్క ఒకటి కనిపిస్తే చేతులు ఊరుకోక పిచ్చుకని కుట్టాను. ముక్కు వంకర వచ్చింది. కుట్టాక వెళ్ళక చస్తానా?

రింకు నిండా జనం. మధ్యలో ఐస్ ఖాళీగా ఉంది, దాని అవతల తెర. అందరూ జంటలుగానో గుంపులుగానో వచ్చారు. యూనిఫాం విప్పకుండానే వచ్చిన బస్సు డ్రైవరు ఒకాయన కూతురి భుజం మీద చెయ్యేసి, పిచ్చుకని మొదటిసారి ఎక్కడ చూశాడో పక్కవాళ్ళకి చెబుతున్నాడు. వాళ్ళూ తమ కథ చెబుతున్నారు. అక్కడ అందరికీ ఒక కథ ఉంది, అందులో ఇంకో మనిషి ఉంది. బ్యాంకు అమ్మాయి నన్ను చూసి చెయ్యి ఊపి, తన స్నేహితుల మధ్య చోటు చేసింది.

"మీరు ఎవరితో చూసేవారు ఆంటీ?"

"మా అక్కతో."

"అదృష్టవంతులు. మా అక్క అయితే ఈ ఆట పెట్టగానే లేచిపోతుంది. ఆవిడ రాలేదా?"

"ఊళ్ళో లేదు," అన్నాను. అబద్ధమేం కాదు. కానీ ఆ మాట అన్నాక ఇంక అక్కడ కూర్చోలేకపోయాను. చలిగా ఉందని చెప్పి వెనక గోడ దగ్గరికి పోయి నిలబడ్డాను.

తెర మీదికి పిచ్చుక వచ్చింది. జనం ఒక్కసారిగా సద్దుమణిగారు. నా చేతిలో ఫోన్ ఉంది, అది మోగలేదు. ఆట జరుగుతున్నంతసేపే మాకు మాట్లాడుకునే వంక. అది అయిపోతే ఇక ఏ మొహం పెట్టుకుని చేస్తాను? అక్క చేస్తే ఎత్తడమే గానీ, నా అంతట నేను ఎప్పుడూ చెయ్యలేదు. ఆ రోజు చేశాను.

"ఏమే," అంది అక్క రొప్పుతూ. "ఇవాళ ఆట ఉందా? ఉండుండు, టీవీ పెడుతున్నా."

"పెట్టకు. ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను, ఇంట్లోనే."

"పోయినసారి పిచ్చుక పడిపోయింది," అన్నాను. "నిలబడలేదు. నేను నోరు జారి తప్పు చెప్పాను. నువ్వు చూశానన్నావు."

అవతల ఏదో పెద్ద మూత కిందపడి గిరగిరా తిరిగి ఆగింది. తర్వాత తలుపు మూసుకున్న చప్పుడు.

"హాస్టల్లో ఉన్నా," అంది అక్క చివరికి. "ఇక్కడ వంట చేస్తున్నా. సామాన్ల గదిలో ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నా. నీతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ ఇక్కడే కూర్చుంటా."

అక్క హాస్టల్లో వంటకి కుదిరిన సంగతే నాకు తెలియదు. అడగకూడదు కదా మరి.

"మొదట్లో చూశానే, ఒట్టు. మీ బావకి పని పోయాక ఇందులో చేరా. ఆ పిల్ల ఆట వచ్చే వేళకి ఇక్కడ పిల్లలందరికీ వడ్డన. గిన్నెలు తోమేవాళ్ళకి అప్పజెప్పి కాసేపు ఇటు వస్తా."

"ఆ ముక్క చెప్పొచ్చుగా."

"చెబితే నువ్వు ఊరుకుంటావా? చూడనిదానివి నాకెందుకు చేస్తున్నావని కోప్పడతావు. నీ కోపం నాకు తెలీదా." కాస్త ఆగింది. "ఆట లేకుండా నీతో ఏం మాట్లాడాలో తెలీలేదే నాకు."

ఇన్నేళ్ళూ నన్ను వెర్రిదాన్ని చేసినందుకు నాకు మండిపోవాలి. మండింది కూడా. కానీ చీకటి గదిలో బస్తా మీద కూర్చుని, ఏమీ కనిపించని గోడకేసి చూస్తూ, పడిందా నిలబడిందా అని అడిగే మా అక్క కళ్ళ ముందు మెదిలింది. ఆ తర్వాత నాకు కోపం నిలవలేదు, ఏడుపే వచ్చింది.

"ఇదే ఆఖరి ఆట," అన్నాను. "మానేస్తోంది."

"మరి మనం?" అంది అక్క.

చెంపలు తుడుచుకుని తెరకేసి తిరిగాను.

"సరే, ముందు అక్కడేం జరుగుతోందో చెప్పు," అంది.

"బూడిదరంగు వేసుకుంది. తళుకులేం లేవు. మెల్లిగా వెనక్కి జారుతోంది. బాగా సన్నబడింది. ఇదిగో, చేతులు విదిలించింది."

"కళ్ళు మూసుకుంటున్నా," అంది అక్క, ఆ ఉల్లిపాయల మధ్య కూర్చుని. "పడిందా, నిలబడిందా?"

"గెంతలేదు. చేతులు విదిలించి, ఊరికే అలా జారుకుంటూ పోయింది."

రింకులో జనమంతా లేచి చప్పట్లు కొట్టారు. బస్సు డ్రైవరు కళ్ళు తుడుచుకున్నాడు. అవతల అక్క ముక్కు ఎగపీల్చడం వినిపించింది. తర్వాత అందరూ మా ముందున్న ఖాళీ ఐస్ మీదికి గుడ్డ పిచ్చుకల్ని విసిరారు. నాది సగం దూరం కూడా పోలేదు, ఐస్ చుట్టూ ఉన్న అడ్డుగోడ పక్కనే పడింది. పనివాళ్ళు వెడల్పాటి పారలతో వాటిని కుప్పలు చేశారు. జనం కబుర్లు చెప్పుకుంటూ బయటికి నడిచారు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి అక్కకి చెప్పాను. ఊ కొడుతూనే ఉంది.

"ఇప్పుడో?"

"ఇంకెవరూ లేరు. నేనూ బయటికొచ్చా. వాన పడ్డట్టుంది, మెట్లన్నీ తడిగా ఉన్నాయి."

"కమ్మీ పట్టుకుని దిగు. మోకాలు ఎలా ఉంది నీకు? అమ్మకి కూడా నీ వయసులోనే పట్టుకుంది."

అడగకూడనిదీ ఎత్తకూడనిదీ రెండూ ఒక్క ఊపిరిలో అనేసింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. జవాబు చెప్పబోయాను. అంతలో ఎవరో తలుపు బాది అక్కని గట్టిగా పిలిచారు, ఫోన్ తెగిపోయింది.

మెట్ల పైన కాసేపు నిలబడ్డాను. మళ్ళీ మోగలేదు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, బస్సెక్కి ఇంటికొచ్చి, ఒక కంచం ఒక గ్లాసు కడుక్కున్నాను. టీవీ పెట్టాలనిపించలేదు. మళ్ళీ చేస్తుందన్న నమ్మకం లేదు. చెయ్యడానికి ఆట లేదు, చెప్పాల్సిన నిజం కూడా చెప్పేసుకున్నాం. ఆ గదిలో అంత నిశ్శబ్దాన్ని నేనెప్పుడూ ఎరగను.

సోమవారం షాపులో పని నెత్తి మీదుంది. కాటుక అంటిన కోటే మళ్ళీ వచ్చింది. దానికి ఆవిరి పడుతుంటే జేబులో ఫోన్ మోగింది. ఎక్కడా ఏ ఆటా లేని మిట్టమధ్యాహ్నం.

"నిన్న నిన్ను మెట్ల మీదే వదిలేశాను," అంది అక్క. "రాత్రంతా అదే బెంగ. చెప్పు, పడ్డావా, నిలబడ్డావా?"

ఆవిరి మిషను ఆపాను.

"నిలబడ్డాను అక్కా," అన్నాను.

ఫోన్లో పెద్ద నిట్టూర్పు వినిపించింది.