అంతా బాగుండాదమ్మా

హెడ్‌ఫోన్ మెత్తలు ఊడిపోయి నాలుగేళ్లయింది. ఖైసర్ పాత దుపట్టా చింపి కుట్టిన గుడ్డ తొడుగులను సవరించుకుని, ఒకదాన్ని ఎడమ చెవికి ఆనించి, రెండోదాన్ని జుట్టు మీదికి తోసుకుంది. కుడి చెవి గదిలో మాటలకు, ఎడమ చెవి ఫోన్‌కు. పదకొండేళ్లుగా అదే అలవాటు. పొద్దున్నే పుంగనూరులో బస్సెక్కి, కిటికీ పక్కన కునుకు తీసి, మదనపల్లెలో దిగి, బస్టాండు వెనక మేడ మీదికి పద్దెనిమిది మెట్లెక్కడం. మోకాళ్లు మొత్తుకున్నా ఆ మెట్లే దిక్కు. మొగుడు పోయిన మూడో నెలలో దొరికిన కుర్చీ అది.

ఆ కంపెనీ ఏనుగులు పొలాల్లోకి రాకుండా సోలార్ కంచెలు వేస్తుంది. కుప్పం పక్క పల్లెల్లో కంచె చెడిపోతే రైతులు ఫోన్ చేస్తారు. ఖైసర్ వింటుంది, కంప్యూటర్‌లోని ఫిర్యాదుల పట్టీ, ట్రాకర్‌లో రెండు లైన్లు రాస్తుంది. అది చూసి మెకానిక్ బయలుదేరుతాడు. ఇంతే ఆమె ఉద్యోగం. ఆడగొంతుతో ఫోనూ తానే ఎత్తి, ఈ రెండు లైన్లూ మనిషి లేకుండా తానే రాసుకునే ఏజెంట్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంను నిన్న సాయంత్రం నుంచి నడిపి చూస్తున్నారు. ఖైసర్ కుర్చీ ఉండేదీ పోయేదీ ఈ రోజు తేలుతుంది.

మేనేజర్ తేజ పిలిచాడు. "ఖైసర్ మేడం, దానికి ఏమేం భాషలు వస్తాయని అడిగితిరి కదా. దాన్నే అడిగినా, సూడండి."

ఏజెంట్ ట్రాకర్‌ను అడిగి జాబితా తెచ్చి పెట్టింది. తెలుగు, ఉర్దూ, తమిళం, కన్నడం... తెర కిందికి జరిగేకొద్దీ పేర్లే పేర్లు. ఖైసర్ చివరి పేరుదాకా చదివింది.

"రామకుప్పం మాట యాడుండాది నాయనా ఇందులో?"

"అది తెలుగే కద మేడం!"

తెలుగే, కాదని ఎవరన్నారు? కానీ ఆ పల్లెల్లో ఫోన్ తీయగానే చెడ్డమాట పలకరు. ఇల్లు కాలుతున్నా ముందు "అంతా బాగుండాదమ్మా, తింటివా?" అనాలి. అవతలి మనిషి తిన్నానని చెప్పాలి, ఎండ గురించో వాన గురించో ఒక మాట అనాలి. ఆ తర్వాతే అసలు సంగతి. నోటి మొదటిమాట చెడ్డదైతే ఇంటికి చెడు జరుగుతుందని వాళ్ల నమ్మకం. ఖైసర్ అమ్మది ఆ పక్కే. అందుకే ఖైసర్‌కు అసలు మాట వచ్చేదాకా కాచుకోవడం తెలుసు.

నిన్న పొద్దున నమాజు అయినాక చేతులు చాచి ఆమె ఒకటే అడిగింది: "యా అల్లా, ఆ మిషను ఒక్కసారి తప్పు చెయ్యాల." ఆ కుర్చీ పోతే యాభై నాలుగేళ్ల మనిషిని ఎవరు పిలిచి కూర్చోబెడతారు?

మధ్యాహ్నం సంగటి ముద్ద తింటూ నిన్నటి ఫిర్యాదులు ఒక్కొక్కటే తిప్పింది. ఒకచోట ఆమె చెయ్యి ఆగిపోయింది. హనుమక్క, రామకుప్పం దగ్గరి పల్లె. సాయంత్రం ఆరుంబావు. భాష: తెలుగు. "అంతా బాగుందని చెప్పారు. లోపం లేదు. ముగించబడింది."

హనుమక్క ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. ఖైసర్ చేతులు కడుక్కోకుండానే నంబరు కొట్టింది. ఎత్తలేదు. మళ్లీ కొట్టింది. నాలుగోసారి, మూడు గంటలప్పుడు, గొంతు పలికింది.

"ఎవురు, ఖైసరమ్మా? అంతా బాగుండాదమ్మా. తింటివా?"

ఖైసర్ ఊపిరి తీసుకుంది. "తింటినమ్మా. ఆడ ఎండ ఎట్లుండాది?"

"ఎండేముందిలే." వెనక ఎవరో ఆడవాళ్లు సన్నగా ఏడుస్తున్నారు. "నిన్న కంచెలో కరెంటు లేకపోయెనమ్మా. నీకు సెప్దామని ఫోన్ జేస్తి. ఎవురో వేరే ఆయమ్మ ఎత్తె. బాగుండాదంటి, తింటివా అంటి. సంతోషం అని పెట్టేసె. సరే, రాసుకునింటుందిలే అనుకుంటి. మా ఆయప్ప రాగిసేనికి కావలి పోయినాడు." గొంతు ఎక్కడా పెరగలేదు. "ఏనుగు తొక్కేసిందమ్మా. శవాన్ని ఇంకా ఆస్పత్రి నుంచి తేలా. మట్టి చేసేతలికి మాపటేళ అవుతుందేమో. నువ్వు పదిలం తల్లీ."

తేజ వెనకే వంగి, ఆమె జుట్టు మీది రెండో తొడుగులోంచి వచ్చే మాటలన్నీ విన్నాడు. ముఖం పాలిపోయింది. "మేడం, మీరు యాడికీ పోవద్దండి. ఆ పక్క ఫోన్లన్నీ ఇంక మీరే సూడండి. పైవాళ్లకు నేను సెప్తా."

అడిగింది అడిగినట్టే దక్కింది. ఒక్క తప్పు అడిగింది, ఒక్క తప్పే జరిగింది. ఖైసర్ ఆ ఫిర్యాదును మళ్లీ తెరిచి రాసింది: కంచెలో కరెంటు లేదు, హనుమక్క భర్త మునస్వామి ఏనుగు తొక్కి చనిపోయాడు, వెంటనే మనిషిని పంపండి. భాష ఏదని తెర అడిగితే తెలుగు అనే పెట్టింది. పంపి, లేచి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుంది.

"రేపు వస్తారు కద మేడం?"

"మన కోరిక కూడా శాపం మాదిరి ఎవురికైనా తగుల్తుందేమో నాయనా," అంది. తేజకు ఆ మాట అర్థం కాలేదు. ఆమె గోడ పట్టుకుని మెట్లు ఒక్కొక్కటే దిగిపోయింది. ఆ తర్వాత ఆ మేడ ఎక్కలేదు.

బల్ల మీద హెడ్‌ఫోన్ అట్లాగే ఉంది. ఎడమవైపు గుడ్డ తొడుగు చెమటకో కన్నీళ్లకో తడిసి, ఆమె చెవి ఒత్తిన గుంత అందులో ఇంకా పూడకుండా ఉంది.