ఆయనకు మిగిలిన ఒక్క మాట

మా ఆయనకు ఒక్కటే మాట మిగిలింది. సెట్.

పక్షవాతంతో కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. వాటితో పాటు మాటలన్నీ కొట్టుకుపోయాయి. నా పేరు పోయింది, తన పేరు పోయింది, అమ్మా అనే మాట కూడా పోయింది. నలభై ఏళ్ళు రోజూ వాడిన ఆ ఇంగ్లీషు ముక్క మాత్రం నాలుకని అంటిపెట్టుకుని ఉండిపోయింది. పోనీ నన్ను తిట్టే మాటైనా మిగలకూడదా? కాస్త కాలక్షేపంగా ఉండేది.

మాది కట్టుడు పళ్ళు చేసే షాపు. ఇంటి ముందుగదే షాపు. పళ్ళ డాక్టర్లు చిగుళ్ళ అచ్చులు పంపేవాళ్ళు. వాటిలో ప్లాస్టర్ పోయడం నా పని. అది గట్టిపడిందా అని ఆయన బల్ల దగ్గర్నుంచే "సెట్టా?" అని కేకేసేవాడు. ఆ తర్వాత స్పిరిట్ దీపం ముందు కూర్చుని మైనం మీద ఒక్కో పన్నూ పేర్చేవాడు. దాన్నీ సెట్ చెయ్యడమనే అంటారు. పై వరుసా కింది వరుసా కలిపితే అదొక సెట్. మాటిమాటికీ పని తిప్పిపంపే డాక్టరు గురించి "ఆ మనిషి మనకు సెట్ కాడే" అనేవాడు. మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిన రోజున "దాని లైఫ్ సెట్" అని వీధి చివరిదాకా వినబడేలా చెప్పాడు.

వీటన్నిటికంటే పెద్ద సెట్ ఒకటుంది. పనంతా అయ్యాక రెండు వరుసలూ కలిపి పట్టుకుని బల్ల మీద రెండుసార్లు తట్టేవాడు. టక్, టక్. "సెట్" అని మెల్లిగా అని, పాలిష్ పెట్టడానికి పక్కనున్న తమ్ముడి చేతిలో పెట్టేవాడు. ఇక వంకా లేదు, తేడా లేదు, అంతా సరిపోయింది అని దానర్థం.

ఆ తమ్ముడే నా మరిది. నలభై ఆరేళ్ళొచ్చినా అందరికీ చిన్నోడే. కంప్యూటర్‌తో పళ్ళు చెక్కే మిషన్ తెద్దామని రెండేళ్ళు అన్నయ్య వెంటపడ్డాడు. "మిషన్‌కి చిగురు నొప్పి ఏం తెలుస్తుందిరా" అని ఈయన కొట్టిపారేసేవాడు. ఒకరోజు పొద్దున్నే మాటా మాటా పెరిగింది. "ఇక్కడే ఉంటే నేనూ ఈ ప్లాస్టర్‌లా బిగుసుకుపోతాను" అని చిన్నోడు ఏప్రన్ విసిరికొట్టి, మిషన్లున్న ల్యాబ్‌లో చేరిపోయాడు. వాడు గుమ్మం దాటిన గంటకి మా ఆయన మైనం కత్తి చేతిలో ఉండగానే పక్కకి ఒరిగిపోయాడు.

ఎన్నేళ్ళుగానో ముదిరిన బీపీ అని డాక్టర్లు చెప్పారు. నేను వింటేగా! వాడి వల్లే అని మనసులో రాసిపెట్టుకున్నాను.

మాటలు నేర్పే డాక్టరమ్మ వారానికి మూడు రోజులు ఇంటికి వచ్చేది. మా అమ్మాయి వయసే ఉంటుంది. "ఒకే మాటైనా గొంతు మారుతుంది, చేతి కదలిక మారుతుంది ఆంటీ. అవి చూడండి. కాకపోతే ఆయన బదులు మీరు చెప్పెయ్యకండి. అడిగి, తలూపేదాకా ఆగండి" అంది.

నేనా, ఆగడమా? మూడు నెలల్లో మొత్తం పట్టేశాను. పొడిగా, తుంపినట్టు "సెట్" అంటే మంచినీళ్ళు. సాగదీస్తే ఫ్యాను ఆపమని. గొంతులోనే గొణిగితే పక్క తడిసిందని సిగ్గు. నేను కనబడకపోతే రెండుసార్లు, గట్టిగా. ఎదురింటి పంతులమ్మ వచ్చినప్పుడు ఆయన కిటికీ వైపు చెయ్యి చూపిస్తూ "సెట్?" అంటే, "మీ స్కూటర్ బాగైందా అని అడుగుతున్నాడు" అన్నాను. ఆయన నవ్వుతూ తలూపాడు. ఆవిడ నోరెళ్ళబెట్టింది. ఆయన నోరు నా చేతికి వచ్చిందని ఎంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గేస్తోంది.

ఐదో నెలలో ఒక మధ్యాహ్నం చిన్నోడు వచ్చాడు. సగం చిక్కిపోయాడు. గుమ్మంలోనే నిలబడి "లోపలికి రావచ్చా వదినా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. అయినా తప్పుకుని దారిచ్చాను.

మంచం పక్కన కూర్చున్నాడు. మొదట ఆయన పొడిగా "సెట్" అన్నాడు. నీళ్ళన్నాను, తాగించాడు. తర్వాత సాగదీశాడు. ఫ్యానన్నాను, లేచి ఆపాడు. "నీకన్నీ ఎలా తెలుస్తున్నాయి వదినా!" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పుడు ఆయన ఎడమ చేత్తో తమ్ముడి చెయ్యి అందుకుని, తన అరచేతిలోకి తీసుకుని, మంచం పట్టె మీద రెండుసార్లు తట్టాడు. మెల్లిగా "సెట్" అన్నాడు.

చిన్నోడు నా వైపు తిరిగాడు. "ఏమంటున్నాడు వదినా?"

నాకు తెలుసు. డాక్టరమ్మ అక్కర్లేదు, అడిగి ఆగక్కర్లేదు, పసిపిల్లకైనా తెలిసేది. ఐదు నెలలు ఎత్తి పోసిన మలమూత్రాలన్నీ నా గొంతులోకి వచ్చాయి. ఇంత తేలిగ్గా క్షమించేస్తాడా? మరి నా సంగతేంటి?

"వెళ్ళిపొమ్మంటున్నాడు. మళ్ళీ మొహం చూపించొద్దంటున్నాడు" అన్నాను.

"అదేంటి వదినా, రెండుసార్లు తట్టాడుగా... షాపులో..."

"ఆ షాపూ లేదు, ఆ మనిషీ లేడు. ఇప్పుడు ఏదంటే ఏంటో నీకు తెలుసా, నాకు తెలుసా?"

మా ఆయన గట్టిగా తల అడ్డంగా ఊపాడు. "సెట్, సెట్, సెట్" అంటూ పట్టెని దబదబా బాదాడు. బుగ్గల మీదుగా నీళ్ళు కారాయి. "చూశావా, అన్నయ్యకి బీపీ పెంచేస్తున్నావు. ఇక లే" అన్నాను. చిన్నోడు తలకాయ వేలాడేసుకుని లేచాడు పాపం. గుమ్మం దగ్గర చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోలేకపోయాడు.

ఆ రోజు నుంచి మా ఆయన నాతో మాట్లాడడం మానేశాడు. డాక్టరమ్మ వస్తే సెట్, పంతులమ్మ వస్తే సెట్. నేను గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే మాత్రం నోరు బిగించేసి గోడ వైపు చూసేవాడు. దాహమైనా సరే, అడిగేవాడు కాదు. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఆయన నా మీద అలిగింది అదొక్కసారే.

రేపు ఫోన్ చేస్తాను, ఎల్లుండి చేస్తాను అనుకుంటూ పంతం కొద్దీ మూడు వారాలు నెట్టుకొచ్చాను. నాలుగో వారంలో మళ్ళీ పక్షవాతం కొట్టింది. ఆసుపత్రి నుంచి తెచ్చాక ఆయన కళ్ళు తెరిచి చూస్తున్నాడు, మింగుతున్నాడు. ఎడమ చెయ్యీ లేవడం లేదు, తలూపడమూ లేదు. ఆ ఒక్క మాటా లేదు.

మర్నాడే చిన్నోడి ల్యాబ్‌కి వెళ్ళాను. అద్దాల గదిలో మిషన్ గీమంటోంది. మాస్కు కిందికి లాక్కుంటూ పరుగున వచ్చాడు. "అన్నయ్యకేమైంది?" అన్నాడు. చెప్పాను. వేసుకున్న గ్లౌజులతోనే నా వెనక వచ్చేశాడు.

మంచం పక్కన, ఆయన వింటుండగానే చెప్పేశాను. "ఆ రోజు వెళ్ళిపొమ్మనలేదు చిన్నోడా. నేనే అబద్ధం చెప్పాను. అంతా సరిపోయిందన్నాడు. నీకూ తనకూ మధ్య ఇక తేడా లేదన్నాడు. నా కడుపుమంట కొద్దీ నీకు చెప్పలేదు. నన్ను నాలుగు తన్ను, పడతాను."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. అన్నయ్య పెదాల వైపు చూశాడు. అన్నయ్య ఎడమ చేతిని తన చేతిలోకి తీసుకుని పట్టె మీద రెండుసార్లు తట్టి "సెట్టా అన్నయ్యా?" అన్నాడు. ఆ పెదాలు కదల్లేదు.

"ఆ రోజూ నువ్వు చెప్పిందే నమ్మాను. ఇవాళా నువ్వే చెబుతున్నావు. దేన్ని నమ్మమంటావు వదినా?" అన్నాడు.

ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ నా చేతులతో నేనే నొక్కేశాను.

ఇప్పుడు చిన్నోడు రోజూ సాయంత్రం ల్యాబ్ నుంచి నేరుగా వస్తాడు. అన్నయ్యకి గడ్డం గీస్తాడు, ఒళ్ళు తుడుస్తాడు. నేను కాఫీ ఇస్తే తాగుతాడు, వదినా అనే పిలుస్తాడు. డాక్టరమ్మ వచ్చే రోజుల్లో మాత్రం కాస్త ముందే వచ్చి ఆమె కోసం గుమ్మంలో నిలబడతాడు. ఆమె బయటికి రాగానే అడుగుతాడు.

"ఇవాళేమైనా అన్నాడా అండీ?"

నేనక్కడే, పక్కనే ఉంటాను. నన్ను అడగడు.