అక్క లేని ట్రే

చెల్లెలి సంచి నేనే సర్దాను. రెండు నూలు చీరలు, దుప్పటి, కళ్లజోడు పెట్టె, దువ్వెన. దువ్వెన పెట్టానో లేదోనని అనుమానమొచ్చి మళ్లీ అంతా బయటికి తీశాను.

"వెళ్లేది ఆసుపత్రికక్కా, కాపురానికి కాదు," అంది చెల్లెలు మంచం మీంచి.

"నోర్ముయ్. శాలువా కూడా పెడుతున్నా. అక్కడ చలి."

దానికి రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. నాదొకటి ఇస్తానన్నాను. డాక్టరు నా వయసు చూసి తల అడ్డంగా ఊపాడు. ఇంకెవరిదైనా దొరికేదాకా చెల్లెలు ఆసుపత్రిలోనే ఉండాలన్నాడు.

దానికేమో తన ఒంటికన్నా మొక్కల బెంగే ఎక్కువ. మా క్వార్టర్స్ వెనకే అది పనిచేసే ల్యాబు వాళ్ల అద్దాల గది. నత్రజని అందకపోతే మొక్క ఎలా పెరుగుతుందో చూడటం దాని పని. తిండి కరువైనప్పుడు మొక్కలో ఒక ప్రోటీను మేలుకుని జన్యువులకు స్విచ్ వేస్తుందట. అప్పుడు కింది ముసలి ఆకులు తమలోని నత్రజనిని చిగురుకు పంపేసి, పసుపుబారి రాలిపోతాయి. ఆ ప్రోటీనుకు నోరు తిరగని ఇంగ్లీషు పేరొకటి ఉంది. చెల్లెలు దాన్ని 'అక్క' అంటుంది. చిన్నప్పుడు నా కంచంలోది తీసి దాని కంచంలో వేసేదాన్ని, అందుకని. ల్యాబులో అందరికీ అదే పేరు అలవాటైంది. ఒక ట్రేలో మామూలు మొక్కలు, ఇంకోదాంట్లో ఆ ప్రోటీను లేకుండా చేసినవి; వాటి మీద చీటీలు కూడా అలాగే అంటించారు: 'అక్క ఉన్నది', 'అక్క లేనిది'.

"రోజూ నీళ్లు పోసి, ఆకుల రంగు ఫోనులో చెప్పు. జాలిపడి ఎరువు వేశావో, ఇన్నేళ్ల పనీ బూడిదపాలే."

"చూస్తూ చూస్తూ పస్తులుంచమంటావా?"

"ఉంచాలి మరి. ల్యాబులో అక్క బాగానే పనిచేస్తోంది. ఇంట్లో అక్కకే వయసైపోయింది." పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

వెళ్లేవాళ్ల వీపు చూడాలంటే నాకు చిన్నప్పట్నుంచీ భయం. అయినా కారు మలుపు తిరిగేదాకా గుమ్మంలోనే నిలబడ్డాను.

ఎరువు డబ్బా ఆ గదిలోనే, చేతికందే ఎత్తులో ఉండేది. అక్క ఉన్న ట్రేలో కింది ఆకులు పండి రాలిపోయాయి, చిగురు నిలిచింది. అక్క లేని ట్రే ముందే ఎక్కువసేపు నిలబడేదాన్ని. ఒకసారి డబ్బా మూత కూడా తీశాను. దాని మాట గుర్తొచ్చి మళ్లీ పెట్టేశాను.

"అక్క లేని ట్రే ఎలా ఉంది?" అని అడిగింది ఫోనులో. గొంతు సన్నబడింది.

"కింది ఆకులు పచ్చగా నిగనిగలాడుతున్నాయే. చిగురే మాడిపోయింది."



"అయితే నేననుకున్నదే నిజం. గెలిచానక్కా!"

"ఏ అక్కతో అంటున్నావే?"

"ఇద్దరితోనూ."

మూత్రపిండం దొరకలేదు. చెల్లెలు తిరిగి రాలేదు. ఆ ఫోను చేసిన మర్నాడు, గురువారం మధ్యాహ్నం పోయింది.