దగ్గు తర్వాతి వాక్యం

చూపులేనివాళ్ళు చెవులతో చదువుకునే చరిత్ర పుస్తకంలో నా గొంతు ఉంది. నేను చదివింది నాలుగో తరగతే అయినా, ఒక ఇంటర్ పిల్లవాడు నా గొంతు విని పరీక్ష రాశాడు. ఆ సంగతి తర్వాత. ముందు గంగుబాయి ఆకు కత్తిరిస్తోంది, అది చూడాలి.

రాత్రంతా తడిగోనెలో నానిన తునికాకును మోకాలి మీద పరిచి, రేకుముక్క కొలతగా పెట్టి కోస్తోంది. నలభై దాటిన మనిషి. సన్నటి మెడ, దాని చుట్టూ ఎండాకాలం వస్తున్నా విప్పని పాత మఫ్లరు. కుడి బొటనవేలి గోరు తంబాకు రంగుకు తిరిగింది. నిజామాబాద్‌లో రైలు పట్టాల పక్కనున్న మా వాడ ఆడవాళ్ళంతా ఆమె వాకిట్లోనే చాటలు పెట్టుకుని బీడీలు చుడతారు. ఏడో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే. కనుక ఆమె పైకి చదువుతుంది, మిగిలినవాళ్ళు వింటూ చుడతారు. తలా కొన్ని బీడీలు తీసి ఆమె చాటలో వేస్తారు. ఎవరూ పెట్టిన నియమం కాదు. ఆమె తన బీడీలు చుట్టుకోవడానికి అద్దెకు తెచ్చిన నవల సగంలో ఆపేస్తే తోచక వాళ్ళే మొదలుపెట్టారు.

టేపురికార్డర్లు బాగుచేసే అయ్యూబ్ ఒకనాడు ఆ చదువు విని సైకిలు ఆపాడు. బోధన్‌లో అతనికి ఆత్మారాం అని ఒక దోస్తు. చెరకు కొట్టేవాళ్ళ కొడుకు, చిన్నప్పుడే చూపు పోయింది, ఇంటర్ చదువుతున్నాడు. అతని పుస్తకాలు క్యాసెట్లలోకి చదవడం అట్లా మొదలైంది. ఖాళీ క్యాసెట్లు నాందేడ్ నుంచి వచ్చేవి. ప్రతి పుస్తకంలో సగం బోధన్‌లో బడిపంతులు లక్ష్మీరాజం సారు చదివేవాడు, సగం ఇక్కడ గంగుబాయి. అయ్యూబ్ నకళ్ళు తీసి బస్సు డ్రైవర్ల చేతికిస్తే మోర్తాడ్, ధర్పల్లిలో చూపులేనివాళ్ళ దాకా పోయేవి, విన్నాక అదే బస్సులో తిరిగొచ్చేవి. ఆమె దగ్గినప్పుడల్లా అయ్యూబ్ టేపు ఆపి, వెనక్కి తిప్పి, దగ్గు చెరిపేవాడు. పుస్తకంలో దగ్గు ఉండకూడదని అతని పట్టుదల.

ఆ రోజు పొద్దున్నే వచ్చి గడప మీద కూలబడ్డాడు.

“అక్కా, మునిగినం.”

“ఏమైందిరా, దుకాణం గిట్ల కాలిందా?”

“బోధన్ క్యాసెట్లు ఇప్పుడే విన్న. చరిత్ర గైడుల సారు గూడ ముందు సగమే సదివిండు. నువ్వు గూడ గదే సదివితివి. ఎనక సగం ఎవ్వలు సదవలే.”

తప్పు ఎవరిదీ కాదు, మర్యాదది. ఇద్దరూ పెద్దవాళ్ళు కదా అని అయ్యూబ్ ఇద్దరికీ ‘మీరే షురూ చెయ్యండి’ అని చెప్పాడు. ఇద్దరూ షురూ చేశారు.

పరీక్ష ఎల్లుండి. ఆత్మారాం పోయినేడు చరిత్రలోనే తప్పాడు. ఈసారి తప్పితే చదువు మాన్పిస్తానని తండ్రి తేల్చి చెప్పాడు. గంగుబాయి చేతిలో కత్తెర ఆగింది.

ఆమెకు చలికాలం నుంచి గొంతు బాగాలేదు. దవాఖానలో చూసి, గొంతుకు పనిపెట్టవద్దన్నారు, హైదరాబాద్ తీసుకుపొమ్మన్నారు.

“డాక్టర్ మాట్లాడొద్దన్నడు గాదె గంగూ,” అంది పక్కింటి భీమవ్వ.

“మాట్లాడొద్దన్నడు. సదవొద్దనలే.”

లేచి లోపలికి పోయి, చప్పుడు రాకుండా తలుపుకు బొంత కట్టింది. భీమవ్వ ఆమె చాటను తన పక్కకు లాక్కుంది.

మొదటి పేజీలోనే దగ్గు వచ్చింది. అయ్యూబ్ వేలు మీట మీదికి పోయింది. ఆమె ఆ వేలు పట్టుకుంది.

“దగ్గు ఉండనియ్. బస్సు ఉండదు.”

మధ్యాహ్నానికి ఆ గొంతు ఎండుటాకు నలిపినట్టయింది. మిరియాల నీళ్ళు తాగింది, చదివింది. వాకిట్లో ఎవరూ పెదవి విప్పలేదు. నాందేడ్ రైలు కూడా కూత వేయకుండా, చెప్పులు చేతబట్టుకున్న మనిషిలా దాటిపోయింది.

నా గొంతు క్యాసెట్‌లోకి ఎక్కింది అప్పుడే. బీడీ నోట్లో పెట్టుకుని బొంత పక్కకు జరిపి, “గంగవ్వా, అగ్గిపెట్టె ఉన్నదా?” అన్నాను. ఆమె కన్నెత్తకుండా పొయ్యివైపు చెయ్యి చూపింది. అయ్యూబ్ చూసిన చూపు మాత్రం క్యాసెట్‌లోకి ఎక్కలేదు. చరిత్రకు నేను చేసిన సేవ అంతే.

సాయంత్రం ఆఖరి పేజీ అయింది. అయ్యూబ్ క్యాసెట్లు చొక్కాలో వేసుకుని బోధన్ బస్సుకు పరుగెత్తాడు. గంగుబాయి బయటికి వచ్చి తన చాట చూసుకుంది. బీడీలు అంచు దాటి ఉన్నాయి. భీమవ్వతో ఏదో అనబోయింది. గాలి తప్ప రాలేదు.

“సాలు తియ్. రేపు చెప్దువు,” అంది భీమవ్వ.

ఆ రేపు రాలేదు. హైదరాబాద్ తీసుకుపోయారు, తీసుకొచ్చారు. వాకిట్లో మంచం వేస్తే అందరి చాటలూ చూస్తూ పడుకునేది. ఎండలు ముదరకముందే, ఒక పొద్దున ఆడవాళ్ళు ఆకు తడిపి వచ్చేసరికి ఆమె లేదు.

ఫలితాలు వచ్చాక ఆత్మారాం బస్సెక్కి నేరుగా అయ్యూబ్ దుకాణానికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. పాసయ్యాడు.

“నేను చెప్తుంటె రాసెటాయనకు చెయ్యి నొచ్చింది భాయ్. పాఠం గుర్తు రాకపోతే అక్క దగ్గు గుర్తొచ్చేది. గీడ రెండుసార్లు దగ్గుతది, దాని ఎనకాలనే జవాబు. ముందు సగంల గట్ల లేదు, గందుకే గది సరిగ్గ రాయలే.”

అయ్యూబ్ చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“నడుమ ఒగ ముసలాయన అగ్గిపెట్టె అడుగుతడు,” అన్నాడు ఆత్మారాం. “ఎవలాయన?”

“ఎవడో తాగుబోతు,” అన్నాడు అయ్యూబ్ నావైపు చూస్తూ. తర్వాత ఆత్మారాం తిరిగి తెచ్చిన ఆ క్యాసెట్ తీసుకుని, దాని మీద ఇంకేదీ రికార్డు కాకుండా వెనకవైపు ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకును స్క్రూడ్రైవర్‌తో విరిచేశాడు.

ఇందులో నేను కల్పించింది ఒక్కటే, రైలు. అది కూసింది, గట్టిగానే. అయ్యూబ్ అలమారలో, పలుకు విరిగిన ఆ క్యాసెట్‌లో, గంగుబాయి దగ్గుకూ తర్వాతి వాక్యానికీ నడుమ ఇప్పటికీ కూస్తూనే ఉంది.