లిండెన్‌రోడ్ బ్యాంకు నడిపిందెవరు

మా ఆయన ఎక్‌హార్ట్ చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. వెనకనుంచి అన్నాడు, “సాయంత్రం బ్యాంకు సభలో నోరు తెరవకు రోస్వితా. కౌంటర్లో కూచునేదానివి, పెద్ద విషయాలు నీకెందుకు?”

ఇరవై ఆరేళ్లుగా కూచునేదాన్నే మరి. మా ముత్తాతల నాడు లిండెన్‌రోడ్ ఊరి రైతులూ కమ్మరులూ కలిసి పెట్టుకున్న సహకార బ్యాంకు అది. ముగ్గురు మేనేజర్లకు పని నేర్పాను. ముగ్గురూ వెళ్లేటప్పుడు పూలగుత్తి ఇచ్చి, “నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో” అన్నారు. కుర్చీ మాత్రం ప్రతిసారీ ఇంకో మగవాడికే. చూపు తగ్గినవాళ్లకు ఉత్తరాలు చదివిపెట్టేదాన్ని, మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు కాగితాలు మోసుకెళ్లేదాన్ని. అదంతా మా అత్తగారి లెక్కలో ఊరి మీద తిరుగుళ్లు.

సాయంత్రం ఫైర్ స్టేషన్ హాలు నిండిపోయింది. మేనేజరు రిటైరవుతున్నాడు కాబట్టి బ్యాంకును నగరంలోని పెద్ద బ్యాంకులో కలిపేద్దామని బ్యాంకు అధ్యక్షుడు సెగ్‌మ్యుల్లర్ చెప్పాడు. ఇక్కడ మనుషులకు బదులు డబ్బిచ్చే మెషీను పెడతారట.

“మంచాన పడితే మీ మెషీను మా ఇంటికొస్తుందా?” వాల్‌ట్రౌట్ అవ్వ అరిచింది.

అందరూ నవ్వుతుండగా నేను లేచాను. ఎక్‌హార్ట్ నా చెయ్యి లాగాడు. “కూచో, పరువు తియ్యకు.”

చెయ్యి విడిపించుకున్నాను.

“ఈ హాల్లో ఎవరి కష్టమేంటో నాకు తెలుసు. ఒక్కటీ నా నోట బయటికి రాలేదు, రాదు కూడా. అందుకే మీరే చెప్పండి. నూలు మిల్లు మూతపడిన ఏడాది అప్పుల గడువు పెంచమని మీ తరఫున మేనేజరుతో పోట్లాడిందెవరు?”

ఎవరూ కదల్లేదు. అప్పుడు బేకరీ రైన్‌హోల్ట్ టోపీ తీసి లేచాడు. “నాకోసం ఈవిడే పోట్లాడింది.” వాల్‌ట్రౌట్ అవ్వ కర్ర ఊతంతో లేచింది. తర్వాత ఎవరెవరు లేచారో చూడలేకపోయాను, కళ్లు మసకబారాయి. కానీ కుర్చీలు వెనక్కి జరుగుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. జీవితంలో మొదటిసారి నన్ను చూసి నాకే గర్వమనిపించింది.

ఓటింగు పెట్టారు. మా బ్యాంకులో పొలమెంతున్నా సభ్యుడికి ఒకటే ఓటు. కలిపేయడానికి లేచిన చేతులు ముందు వరుస దాటలేదు.

సెగ్‌మ్యుల్లర్ కాగితాలు మూసేశాడు. “సరే, మరి రేపటినుంచి నడిపేదెవరు?”

“నేను. పొద్దున్నే దరఖాస్తు మీ బల్లమీద ఉంటుంది.”

ఆయన నన్ను దాటి ఎక్‌హార్ట్ వైపు చూశాడు. “మీ ఆయన ఒప్పుకోవాలి కదమ్మా?”

“ఆయనకీ ఇక్కడ ఒక్క ఓటే సార్,” అన్నాను.