నడుము బాగైనంక కోద్దాం

మా ఆయన జగపతిని ఆ రోజుల్లో చూసి ఉంటే మీరు కూడా దండం పెట్టేవారు. అందరూ పెట్టారు. అరవై తొమ్మిదిలో జనగామలో తెలంగాణ ఉద్యమం ఊరేగింపు మీద లాఠీలు లేచినప్పుడు నడుము మీద దెబ్బ తిన్న మనిషి మరి! అంతకు ముందు తొర్రూరు దగ్గరి మా ఊళ్లో ఆయన మాట మా ఎడ్లు కూడా వినేవి కావు. దెబ్బ తగిలిన వారానికి పెద్దమనిషి అయిపోయాడు. వసారాలో నులకమంచం, తలకింద రెండు మెత్తలు, చేతికందేటట్టు నీళ్ల చెంబు. ఊళ్లో ఏ పంచాయితీ అయినా ఆ మంచం దగ్గరికే వచ్చేది. వచ్చినవాళ్లు ముందు నడుము ఎలా ఉందని అడిగి, ఆయన ఒక నిట్టూర్పు విడిచాక, అప్పుడు తమ గొడవ చెప్పుకునేవారు.

దెబ్బ అబద్ధం కాదు. వీపు కమిలి నల్లబడటం నా కళ్లతో చూశాను. మూడు నెలలు లేవలేకపోయాడు, అదీ అబద్ధం కాదు. నాలుగో నెలలో ఏం జరిగిందో తెలుసుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. చెప్పింది కూడా మనిషి కాదు.

నాలుగేళ్లూ ఆయన కుడికాలు మొద్దుబారిందనేవాడు. పెరట్లోకి పోవాలంటే నా భుజం పట్టుకోవాలి, తిరిగి రావాలన్నా నా భుజమే. పొద్దున నువ్వుల నూనెతో, సాయంత్రం ఆముదంతో నడుము మర్దన చేయాలి. మధ్యలో పొలం, పశువులు, వంట నావే. చెంబు అందకపోతే "అరుంధతీ" అని ఒక కేక. అందితే నీళ్లు వేడెక్కాయని ఇంకో కేక.

నేను పెళ్లికి ముందు వరంగల్లో పంతులమ్మ ట్రైనింగు చేశాను. డెబ్బైలో ఉద్యోగం ఆర్డరు వచ్చింది. చూపిస్తే ఆయన పైకప్పు దూలాల వైపు చూస్తూ, "పో. నేనెట్లనో సస్త తీ" అన్నాడు. పోలేదు. మా కొలువులు మాకే కావాలని రోడ్డెక్కి గొంతు చించుకున్న మహానుభావుడు, కొలువు వెతుక్కుంటూ సొంత ఇంటికి వస్తే గడపలో అడ్డంగా పడుకున్నాడు. నా తెలివీ అలాగే తెల్లారింది. ఆ కాగితాన్ని మడిచి బియ్యం డబ్బాలో పెట్టి, ఆముదం గిన్నె అందుకున్నాను.

డెబ్బైమూడు ఏప్రిల్ నెలాఖరులో రెండో ఆర్డరు వచ్చింది. మహదేవపూర్ దాటాక గోదావరి పక్కన ఏదో ఊరు. జూన్ పదిహేనులోగా చేరకపోతే పేరు కొట్టేస్తామని స్పష్టంగా రాశారు. మూడోసారి ఇక పిలవరు. నాకు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు.

కాగితం ఇంట్లో అడుగుపెట్టిన రోజే ఆయనకు నొప్పి ఎక్కువైంది. ఎంత ఎక్కువైందంటే, ఊరి నాటువైద్యుడు రాజలింగాన్ని పిలిపించాల్సి వచ్చింది. రాజలింగం నాడి పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. ఎందుకు మూసుకుంటాడో ఆయనకే తెలియదు. తెరిచి, "పటేలా, మీకు ఉడుము కూర పడాలె. దాని నడుముల ఉన్న బలం సక్కగ మీ నడుముకొస్తది" అన్నాడు.

ఉడుము కూర అనగానే నాలుగేళ్ల రోగి ముఖం పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది. ఆయనకు ఆ కూరంటే ప్రాణం. "గట్లనా? జర కారం ఎక్కువేస్తె మందు పని జేస్తదా?" అని అడిగాడు.

మూడో రోజు తండా నుంచి సేవ్యా ఒక ఉడుమును తెచ్చి వాకిట్లో సంచి కుమ్మరించాడు. మూరెడున్నర జీవి. ముందుకాళ్లతో నేలను గీరుతోంది గానీ వెనక సగం తడిగుడ్డలా ఈడ్చుకొస్తోంది.

"పుట్టలకెళ్లి తీసేటప్పుడు గడ్డపార తలిగిందమ్మా," అన్నాడు సేవ్యా. ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

రాజలింగం వంగి చూసి రెండు చెవులూ పట్టుకున్నాడు. "వద్దు పటేలా, వద్దు! నడుము ఇరిగిన ఉడుమును తింటే మీకున్న నడుము గూడ పోతది."

"మరెట్ల?" అన్నాడు మా ఆయన. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

"ఈ ఎండలకు ఇంకోటి దొరకది," అన్నాడు సేవ్యా.

రాజలింగం కళ్లు మూసుకున్నాడు. ఈసారి చాలాసేపు మూసుకున్నాడు. "అయితే గిట్ల జేద్దాం. ముందుగాల దీని నడుము బాగుచేయాలె. బాగైనంక కోద్దాం."

వసారాలో ఉన్న అయిదారుగురు పెద్దమనుషులు తలలూపారు. ఒక్కడంటే ఒక్కడు నవ్వలేదు. నాకు నవ్వు ఆగలేదు. మా ఆయన ఉరిమి చూసి, "ఏందే ఆ ఇకఇకలు? నడుములు చూసుడు నీకు అలవాటే గద, ఇది గూడ నువ్వే చూడు" అని ఉత్తర్వు వేశాడు.

మర్నాడు దాన్ని బుట్టలో పెట్టుకుని తొర్రూరు బస్సెక్కాను. అక్కడ పశువుల దవాఖానలో దేవదాసు అని కాంపౌండరు ఉండేవాడు. మా బర్రె ఈనినప్పుడు పరిచయం. బుట్ట మూత తీసి చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు. "చెల్లె, ఎడ్లు తెస్తరు, కుక్కలను తెస్తరు. ఉడుమును దవాఖానకు తెచ్చినోళ్లను నిన్నే చూస్తున్న."

"నవ్వుడైనంక జర చూడన్నా," అన్నాను.

చూశాడు. వెన్నెముక పొడుగునా వేలితో తడిమాడు. వెనకకాలి వేలిని గోటితో గట్టిగా గిచ్చాడు. కాలు రవ్వంత కదిలింది. "నరం తెగలె. వాచింది, గంతే. కాని నువ్వు ఓపిక పట్టాలె." ఒక్కొక్కటీ విడమరిచి చెప్పాడు. అటూఇటూ తిరగకుండా ఇరుకైన పెట్టెలో పెట్టాలి. అడుగున మెత్తటి ఇసుక పోయాలి. పొద్దుటి ఎండ పడాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి. తనంతట తాను దొడ్డికి పోలేదు గనుక గోరువెచ్చటి నీళ్లలో ఉంచి పొట్ట కింద మెల్లగా నిమరాలి. తర్వాత ఒక దారం ముక్క తెంపి ఉడుము వెనకతొడ చుట్టూ తిప్పి, కొలత దగ్గర ముడి వేసి నా చేతిలో పెట్టాడు.

"వారానికోసారి రెండు కాళ్లు కొలువు. వాడని కాలు సన్నబడతది. సన్నబడుడు ఆగిందంటే కాలు పని మొదలుపెట్టినట్టు. ఇగ ఎద్దుకైనా మనిషికైనా గదే లెక్క."

ఇంట్లో ఇరుకైన పెట్టె ఒక్కటే ఉంది, ముందుపలక లాగితే తెరుచుకునేది. సన్మానాల్లో కప్పిన శాలువాలను మా ఆయన అందులో దాచుకునేవాడు. శాలువాలను దండెం మీద పడేసి పెట్టెలో ఇసుక పోశాను. పనికొచ్చే పని ఆ పెట్టెకు అదే మొదటిది.

పచ్చి గుడ్డు సొన, వాన పడ్డ రోజు నత్తలు, ఎప్పుడైనా మేక కార్జం ముక్క తినిపించేదాన్ని. మొదట్లో బుసకొట్టేది. పదో రోజుకు నా చేతి మీద గదవ ఆనించి కళ్లు మూసుకుంది. అబద్ధమెందుకు, నాకు కళ్లనీళ్లొచ్చాయి. నాలుగేళ్లలో నేను చేసిన సేవకు ఒక జీవి కుదురుగా కళ్లు మూసుకోవడం అదే మొదటిసారి చూశాను.

మూడు వారాల్లో దారం వదులైంది. వెనకకాళ్లు పుల్లల్లా అయిపోయాయి. ఇక లేవదనుకున్నాను. నాలుగో వారం కొలిస్తే అంతే ఉంది. అయిదో వారం కుడికాలు ఇసుకను తన్నింది. జూన్ మొదట్లో ఒక పొద్దున పెట్టె దిగి, వెనక సగం వంకరటింకరగా ఊపుకుంటూ, రోలు దాకా నడిచి వెనక్కి వచ్చింది. నేను పెరట్లో ఒక్కదాన్నే గంతులేశాను. రెండో గంతు సగంలోనే ఆగాను. నడిస్తే కోస్తారు కదా.

వసారాలోంచి రోజూ అడిగే ప్రశ్న అప్పుడే వినిపించింది. "ఏమే, నడిసిందా?"

"ఎక్కడ నడుస్తది? కదుల్తనే లేదు," అన్నాను.

అప్పటి నుంచి దొంగాట మొదలైంది. ఎవరి అడుగు వినపడినా దాన్ని తీసి పెట్టెలో పెట్టేదాన్ని. మూడు రోజుల్లో నా అవసరం కూడా లేకపోయింది. వాకిట్లో చెప్పుల చప్పుడైతే చాలు, తానే వెళ్లి ఇసుకలో చచ్చినట్టు పడుకునేది. చప్పుడు పోగానే లేచి తిరిగేది. చూస్తుంటే ఈ విద్య ఎక్కడో చూసినట్టు అనిపించింది.

చూడటం కాదు, విన్నాను. నేను పొలం నుంచి వచ్చి గడపలో కాలు పెట్టేసరికి రోజూ నులకమంచం కిర్రుమనేది. పాపం నొప్పితో పొర్లుతున్నాడనుకునేదాన్ని. ఉట్టి మీద పెరుగు తరిగిపోయేది. పిల్లి అనుకునేదాన్ని. తాగాక కుండకు మళ్లీ మూత పెట్టే పిల్లి!

ఆ సాయంత్రం ఆముదం రాస్తూ ఇంకో దారం తీసి ఆయన ఎడమ పిక్క చుట్టూ తిప్పి ముడి వేశాను. అదే దారాన్ని కుడి పిక్కకు తిప్పాను. ముడికి ముడి సరిపోయింది. ఉడుము కాలు మూడు వారాలకే పుల్ల అయింది. ఈయనది నాలుగేళ్లుగా కదలని కాలు, మినప్పప్పు తిన్నట్టు నిగనిగలాడుతోంది.

"ఏందే ఆ దారం?" అన్నాడు.

"దిష్టి తీస్తున్న," అన్నాను.

ఏడుపు రాలేదు. రోత పుట్టింది. డెబ్బైలో వచ్చిన కాగితం గుర్తొచ్చింది. ఆ కాగితంతో వెళ్లి ఉంటే ఈపాటికి ఎంతమంది పిల్లలు నా దగ్గర అక్షరాలు దిద్దేవారోనని లెక్క వేసుకున్నాను. ఈయన పెరుగు తాగి మూత పెట్టిన నాలుగేళ్లు.

అయినా ఒక అవకాశం ఇచ్చాను, నా బుద్ధి అలాంటిది. పన్నెండో తారీఖు పొద్దున పక్కన కూర్చుని అడిగాను. "ఎల్లుండి పోయి కొలువుల చేరుత. మీరు నిజంగ లేవలేరా? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి."

"లేసేటోన్నైతే లేవనా? కాలు కట్టెలెక్క అయిందంటే దయ లేదు నీకు," అని గోడ వైపు తిరిగాడు. తిరగడం చాలా చురుగ్గా తిరిగాడు.

ఆ మాటతో నా సంచి సర్దుకున్నాను. రెండు చీరలు, ట్రైనింగు సర్టిఫికెట్టు, ఆర్డరు కాగితం. పద్నాలుగో తారీఖు పొద్దున రాజలింగానికి కబురు పెట్టాను, ఉడుము నడుము బాగైంది రమ్మని. సేవ్యా కత్తితో వచ్చాడు. ఆ రోజే భిక్షపతి, మా ఆయన మంచం చుట్టూ తిరిగే మనిషి, నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. తొర్రూరులో ఏదో సభ ఉందట, అధ్యక్షత వహించాలట.

"మీరు నడువాల్సిన పనే లేదు పటేలా. మంచంతోనే మోసుకపోతం," అన్నాడు భిక్షపతి.

"చూద్దాం తీ. ముందుగాల మందు పడనీ," అన్నాడు మా ఆయన. నా వైపు తిరిగి, "మసాల నూరినవా?" అన్నాడు.

"ఇదో, తెస్తున్న," అని పెట్టె తెచ్చి వాకిలి మధ్యలో దించాను. "నడుము బాగైంది. అందరు చూడుండ్రి," అని ముందుపలక లాగేశాను.

ఉడుము తల బయటపెట్టి నాలుక ఆడించింది. ఇంతమంది పెద్దమనుషులను చూసి దానికి కూడా రోత పుట్టి ఉంటుంది, వాకిలి చివరి ముళ్లకంప వైపు ఉరికింది. భిక్షపతి మనుషులు కాళ్లు బెంచీల మీదికి లాక్కున్నారు. దారిలో ఉన్న సేవ్యా పక్కకు జరిగాడు. కావాలనే జరిగాడని నాకు ఇప్పటికీ అనుమానం.

"అగో, పోతంది! పట్టుండ్రి! ఎవడన్న పట్టుండ్రిరా!"

అరిచింది మా ఆయన. అరుస్తూనే మంచం దిగాడు, ధోతి ఎగగట్టాడు, పెట్టె మీదుగా దుమికాడు. కంప దాకా ముప్ఫై అడుగులు ఉంటుంది, గిత్తదూడలా పరిగెత్తాడు. అక్కడ వంగాడు కూడా! తోక అందింది, జారిపోయింది. ఉడుము కంపలో దూరి అవతల చేనులోకి పోయింది.

మా ఆయనకు అప్పుడు గుర్తొచ్చింది. మెల్లగా చేతిని నడుము మీద వేసుకున్నాడు. అబ్బా అని మూలిగి, కుంటుకుంటూ వెనక్కి బయలుదేరాడు. ఎడమకాలితో కుంటుతున్నాడు.

నేను ఇంకెవరైనా నవ్వుతారని చూశాను. రాజలింగం రెండు చేతులూ పైకెత్తాడు. "చూసిండ్రా నా మందు! ఇంకా తిననే లేదు, ఉడుము గాలికే పటేలు నడుము లేసింది!"

భిక్షపతి చప్పట్లు మొదలుపెట్టాడు. ఒకడు దండెం మీది శాలువా లాగి మా ఆయనకు కప్పాడు. ఆయన తల వంచి కప్పించుకున్నాడు. ఇలాంటి మనుషులకు ఆ మనిషే తగినవాడనుకుని సంచిని భుజాన వేసుకున్నాను. నాలుగేళ్లు ఆయన చెయ్యి మోసిన భుజానికి ఆ సంచి బరువనిపించలేదు.

"అరుంధతీ, యాడికే?" అన్నాడు శాలువాలోంచి.

"కొలువుకు. మీరు కొట్లాడి తెచ్చిన కొలువే గద."

"మరి నాకెవరు…"

కొలత దారాన్ని కొంగుముడి నుంచి విప్పి ఆయన చేతిలో పెట్టాను. "గీ దారం కుడికాలికి కట్టుకోండ్రి. రేపటిసంది ఏ కాలో మరిచిపోకుంట ఉంటరు."

ఆయన దారం వైపు చూశాడు, తర్వాత తన కాళ్ల వైపు చూసుకున్నాడు. నేను గడప దాటుతుంటే వెనక మంచం కిర్రుమంది. బస్సుకు ఇంకా టైముంది, అయినా గబగబా నడిచాను.